బెలూన్లు ఊదడం వచ్చేసింది మంత్రిగారూ, ఇక లెక్కలు నేర్పించండి

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా రైతు కంపెనీ డైరెక్టర్లకి ఇచ్చే శిక్షణల మీద మూడు అర్జీలు పెట్టాం సార్. మొదటిదానికి రసీదు ఇచ్చారు, రెండోదానికి అదీ లేదు, మూడోది పట్టుకెళ్తే "మీరే కదా ఆమధ్య ఇచ్చింది" అన్నారు. అందుకే నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

పదివేల ఎఫ్‌పీఓల (అంటే రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకం కింద పెట్టిన ఒక రైతు కంపెనీలో నేను డైరెక్టర్ని. అంటే వరి రైతునే, మీటింగుల్లో మాత్రం డైరెక్టర్ని. ఇప్పటికి నాలుగుసార్లు నాయకత్వ శిక్షణకు పిలిచారు, నాలుగుసార్లూ వెళ్ళాను. మొదటిసారి ఒక ఫంక్షన్ హాల్లో తలా ఒక బెలూన్ ఇచ్చి ఊదమన్నారు. మనది కింద పడకుండా చూసుకుంటూ పక్కవాడిది కూడా కాపాడితే నాయకుడట. నాది నిమిషంలోనే టప్పుమంది. నా పక్కన డెబ్బై ఏళ్ళ పెద్దాయన, ఊళ్ళో గట్టు తగాదాలన్నీ తీర్చేది ఆయనే, పంచె ఎగ్గట్టుకుని కుర్చీల మధ్య బెలూన్ వెనకాల పరిగెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. భోజనాలయ్యాక విజన్, మిషన్ అంటూ గంటన్నర ఇంగ్లీషు స్లైడ్లు. చివర్లో బ్యానర్ పట్టుకుని ఫొటో, చేతికో బ్యాగు, మూడు రోజుల హాజరుకు సంతకాలు. మేం కూర్చున్నది రెండు రోజులే. ఇదేంటని అడిగితే "ఫార్మాట్ అంతేనండీ" అన్నారు.

రెండోది సరిగ్గా నాట్ల రోజుల్లో పెట్టారు. మాట్లాడుకున్న కూలీలను మా ఆవిడకి అప్పజెప్పి బస్సెక్కాను. (ఆవిడా కంపెనీలో వాటాదారే, ఏ శిక్షణకీ పిలవలేదు. ఆ రోజు పద్దెనిమిది మందితో చీకటి పడేలోపు నాట్లు పూర్తి చేయించింది మాత్రం ఆవిడే. నాయకత్వం ఎవరికి వచ్చినట్టో మీరే చెప్పండి.) మా బోర్డులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. శిక్షణ ఆరింటికి వదులుతారు, మా చివరి బస్సు ఐదున్నరకి. మూడోసారి నుంచి వాళ్ళ పేర్ల ఎదుట వాళ్ళ భర్తలే సంతకాలు పెడుతున్నారు.

ఇవన్నీ సర్దుకుపోదుం సార్, అసలు సంగతి వేరే ఉంది. సీఈఓకి నెలకు 25,000, అకౌంటెంటుకి 10,000 దాకా పథకం ఇచ్చేది మూడేళ్ళే కదా. అది ఆగగానే ఇద్దరూ వెళ్ళిపోయారు. జీతం లేకుండా ఎవరు మాత్రం ఉంటారు! పోతూ పోతూ బీరువా తాళం, ల్యాప్‌టాప్ ఇచ్చారు కానీ దాని పాస్‌వర్డ్ మాలో ఎవరికీ తెలీదు. కొన్ని నెలలు పోయాక ఎవరో చెబితే తెలిసింది, కంపెనీల రిజిస్ట్రారుకి ఏటా పంపాల్సిన లెక్కలూ రిటర్నూ రెండూ వెళ్ళలేదని, ఆలస్యానికి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు ఫీజు పడుతోందని. రెండు ఫారాలకి రోజుకు 200. అప్పటికి రెండు వందల రోజులు దాటింది. ఎరువుల అమ్మకంలో ఆ ఏడాది మాకు మిగిలింది అంత లేదు. వాటాధనం కట్టిన రైతులు "మా డబ్బేమైందిరా" అని రచ్చబండ దగ్గర నిలదీస్తే నేనేం చెప్పను? బ్యాలెన్స్ షీటు పట్టుకోవడమే గానీ చదవడం రాదు నాకు. నాలుగు శిక్షణల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మీటింగు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం తెరిచి ఇలా రాయాలి అని చూపించలేదు. ఊళ్ళోవాళ్ళేమో మేం వెళ్ళి భోంచేసి బ్యాగులు తెచ్చుకున్నాం అంటున్నారు. అదీ నిజమే.

శిక్షణ వద్దని మేం అనడం లేదు. కోతలయ్యాక పెట్టండి, మా ఊళ్ళోనే పగటిపూట పెట్టండి, మా సొంత పుస్తకాలు ముందేసుకుని తెలుగులో చెప్పించండి. ఆ అదనపు ఫీజు సంగతి కూడా కాస్త చూడండి, దండం పెడతాను.

వచ్చే వారం ఐదో శిక్షణ అని మెసేజ్ వచ్చింది. అంశం "ఒత్తిడిలో నాయకత్వం" అట. ఆ టెన్షన్ మీద క్లాసు కావాలంటే నేనే చెప్తాను. వస్తాను లెండి, ల్యాప్‌టాప్ కూడా తెస్తాను, దాన్ని తెరవగలిగే మనిషిని ఒకర్ని పంపించండి. బ్యాగు మాత్రం వద్దు, ఇంట్లో నాలుగున్నాయి.

ఇట్లు,
ఒక రైతు కంపెనీ డైరెక్టర్