సంస్కృతి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

సంస్కృతికి ఇచ్చే డబ్బు ఎక్కువగా ఉత్సవాలకే పోతోంది. వేదిక, శాలువా, ఫొటో. మర్నాడు ఆ కళాకారుడికి పని ఉందా అని అడిగేవాళ్లుండరు. మిగతా శాఖలు మీ శాఖను కూరలో కరివేపాకులా తీసిపారేయడానికి ఇదే కారణమని నా అనుమానం.

సంస్కృతినీ అభివృద్ధినీ కలిపి చూడాలని 1982లోనే మెక్సికో సిటీలో యునెస్కో సదస్సు తేల్చింది. అయినా 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో సంస్కృతికి విడిగా ఒక్కటీ దక్కలేదు. తీర్మానాలకేం, ఎన్నైనా చేయొచ్చు.

చేసి చూపించిన దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో నాటక, సినిమా రంగాల కళాకారులు 12 నెలల్లో 507 గంటలు పనిచేస్తే, పనిలేని రోజుల్లో నిరుద్యోగ భృతి అందుతుంది. జీతమిచ్చి చేయించిన రిహార్సల్ గంటలూ అందులోకే వస్తాయి. ఐర్లాండ్ 2022లో లాటరీ పద్ధతిలో 2,000 మంది కళారంగం వాళ్లను ఎంపిక చేసి, వారానికి 325 యూరోలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది దానం కాదండీ. చేయి తిరిగిన మనిషి ఇల్లు గడవక ఆ పని మానేస్తే, మళ్లీ అలాంటి మనిషిని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది.

పర్యాటకం విషయంలో మాత్రం తొందర వద్దు. ఏదైనా ఊళ్లో పాతపేటకు వారసత్వ హోదా రాగానే అద్దెలు పెరిగి, దాన్ని నిలబెట్టినవాళ్లే ఖాళీ చేయాల్సి రావచ్చు. ముందు వాళ్ల ఇళ్లకు రక్షణ, టికెట్ల ఆదాయంలో వాటా రాసివ్వండి.

ఆరోగ్య ప్రచారానికి పోస్టర్లు అచ్చేసే డబ్బులో కొంత, అదే విషయాన్ని జనం భాషలో పాడి ఆడి చెప్పే కళాకారులకు ఇప్పించండి. వాళ్ల బిల్లు నెలలోపు చెల్లించేలా చూడండి.

ఇట్లు,
ఒక పౌరురాలు