ఓరుగల్లు ముట్టడి: ఎవరు రాశారో చెప్పండి

సంపాదకులకు,

ఓరుగల్లు పతనంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ‘ఢిల్లీ చరిత్రకారులు ఇలా రాశారు’ అంటూ అందర్నీ ఒకే గాటన కట్టేశారు. వాళ్లు ఒక్క మాట మీద లేరు.

ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సేనలకు పడింది. అంతకు ముందు విఫలమైన ముట్టడినే తీసుకోండి. ఢిల్లీ నుంచి తపాలా ఆగింది, సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ చనిపోయాడన్న పుకారు పుట్టింది, సేనానులు చెల్లాచెదురయ్యారు, ముట్టడి నడిపిన సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ (తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్) దేవగిరికి వెనుదిరిగాడు. ఇంతవరకు పేచీ లేదు. పుకారు ఎవరు పుట్టించారన్న దగ్గరే అసలు తేడా. ఉబైద్ అనే కవి, అతని స్నేహితుడు అల్లరి కోసం చేశారంటాడు ఢిల్లీ చరిత్రకారుడు బరనీ. కోట ఫలానా రోజు పడుతుందని ఉబైద్ జోస్యం చెప్పాడని, అది తప్పేలా ఉంటే తల కాపాడుకోవడానికి పుకారు లేపాడని మరో చరిత్రకారుడు ఇసామీ రాశాడు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అయితే తండ్రిపై తిరుగుబాటు కోసం ఉలుగ్ ఖానే చేయించాడన్నాడు.

బరనీ, ఉలుగ్ ఖాన్ సుల్తాన్ అయ్యాక అతని కొలువులో పదిహేడేళ్లున్నాడు, 1357 ప్రాంతంలో రాశాడు. కాబట్టి ప్రభువును వెనకేసుకొచ్చాడని అనుమానించవచ్చు. కానీ ఇసామీ 1350లో, తుగ్లక్‌పై తిరగబడిన బహమనీ సుల్తాన్ నీడలో రాసినవాడు. తుగ్లక్ అంటే ఒళ్లు మండే అతనే ఆ నింద వేయలేదు. ఇబ్న్ బతూతా భారతదేశానికి వచ్చిందే ఆ ముట్టడి జరిగిన పదేళ్లు దాటాక. అతనిది విన్న మాటే. అందుకే ఆ ఆరోపణను నేను నమ్మను. మీ వ్యాసకర్త మాత్రం దాన్నే నిర్ధారిత సత్యంగా రాశారు.

కోట పడ్డాక బందీ అయిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి మరణం విషయంలో మన శాసనాలనూ పక్కన పెట్టుకోవాలి. ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం ఆయన నర్మద ఒడ్డున మరణించాడంటుంది. ఢిల్లీ దారిలో చనిపోయాడని ఢిల్లీ చరిత్రకారుడు అఫీఫ్ కూడా రాశాడు. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరి మాట కలిసిందంటే దానికి బలం ఎక్కువ. 1423 నాటి కలువచేరు శాసనం ‘స్వేచ్ఛగా’, అంటే తన ఇష్టంతోనే, దేవలోకం చేరాడంటుంది. అది వందేళ్ల తర్వాతి మాట.

మరో పొరపాటు తేదీలో ఉంది. కోట పడిన సంవత్సరం ఇస్లామిక్ పంచాంగంలో హిజ్రీ 723. దానికి నేరుగా 622 కలిపితే 1345 వస్తుంది, అది తప్పు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ముందు 0.97తో గుణించి, ఆ తర్వాత 622 కలపాలి. అప్పుడు 1323 వస్తుంది. ఈ సవరణను వచ్చే వారం అనుబంధంలో వేయగలరు.

– చరిత్ర అధ్యాపకుడు, హనుమకొండ