సూపర్‌హీరో సినిమాకు ఎప్పుడు వెళ్లాలో ముందే తేల్చుకోనివ్వండి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

భారీ సూపర్‌హీరో చిత్రం ఏదైనా విడుదలవుతోందంటే దాని కోసం రోజులు లెక్కపెట్టేది పిల్లలు, డబ్బులు లెక్కపెట్టేది వారి తల్లిదండ్రులు. ఏ రోజు వెళ్లాలి, మ్యాటినీకా ఫస్ట్ షోకా, టూడీనా త్రీడీనా, ఊళ్లో ఉన్న థియేటర్ చాలా లేక పెద్ద తెర ఉన్న చోటికి ప్రయాణం కట్టాలా అన్న ప్రశ్నలన్నీ ఇంటి ఖర్చులతోనూ బడి వేళలతోనూ ఆఖరి బస్సుతోనూ ముడిపడి ఉంటాయి. వీటిలో చాలావాటికి మేము ముందుగానే జవాబు వెతుక్కోగలము. టికెట్టు ధర ఎంత, ఆ ధర ఎన్నాళ్లు ఉంటుంది, రోజుకు ఎన్ని ఆటలు అన్నవి మాత్రం ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వుతోనే తేలుతాయి. ఆ ఉత్తర్వు సాధారణంగా విడుదలకు రెండు మూడు రోజుల ముందు వెలువడుతుంది, అది వెలువడిన గంటల్లోనే బుకింగులు తెరుచుకుంటాయి. ధర పెంచవద్దని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. పెంచేటట్లయితే కనీసం పదిహేను రోజుల ముందు చెప్పమని, ఆ పెంపు ఏ తేదీతో ముగుస్తుందో అప్పుడే ప్రకటించమని కోరడానికి రాస్తున్నాను.

టికెట్ల ధరల విషయంలో మన రాష్ట్రం చూసినన్ని మలుపులు బహుశా మరే రాష్ట్రమూ చూసి ఉండదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవో ప్రకారం గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని థియేటర్లలో కింది తరగతి టికెట్టు అయిదు రూపాయలు. అయిదు రూపాయలతో జనరేటరుకు డీజిలు కూడా రాదని థియేటర్ల యజమానులు మొత్తుకున్నారు, వారి బాధలో న్యాయం ఉంది. 2022 మార్చి 7న వచ్చిన 13వ నంబరు జీవో ఆ పరిస్థితిని సరిదిద్ది, ప్రాంతాన్ని బట్టీ థియేటర్ స్థాయిని బట్టీ 20 రూపాయల నుంచి 250 రూపాయల వరకు ధరలు నిర్ణయించింది. కథానాయకుడు, దర్శకుడి వంటివారి పారితోషికాలు కాకుండా నిర్మాణ వ్యయం వంద కోట్లు దాటిన చిత్రాలకు మొదటి పది రోజులు ధర పెంచుకునే వీలును కూడా అదే జీవో కల్పించింది. ఆ జీవో ఉన్నంతవరకు ప్రేక్షకుడికి ఒక అంచనా ఉంటుంది. నగరపాలక సంస్థ పరిధిలోని మల్టీప్లెక్సులో మామూలు సీటు 150 రూపాయలు, జీఎస్టీతో కలిపి 177 రూపాయలు. ఈ 177 అంకె విజయవాడలో, విశాఖలో మల్టీప్లెక్సులకు వెళ్లే వారందరికీ కంఠతా వచ్చు.

ఆ అంచనా తలకిందులయ్యేది ఒక్కో చిత్రానికి విడివిడిగా ఇచ్చే ప్రత్యేక అనుమతులతోనే. 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’కి సింగిల్ స్క్రీన్లలో 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయలు, పధ్నాలుగు రోజులపాటు పెంచారు. అదే ఏడాది డిసెంబరులో ‘పుష్ప 2’కు మల్టీప్లెక్సుల్లో పెంపు 200 రూపాయలు. ముందురోజు రాత్రి వేసిన బెనిఫిట్ షోకు ఏ తరగతిలోనైనా 800 రూపాయలు, జీఎస్టీతో 944. ‘పుష్ప’ సూపర్‌హీరో సినిమా కాదని నాకు తెలుసు, అయినా ఆ పెంపు తరువాత వచ్చే ప్రతి పెద్ద చిత్రానికీ ఒక కొలమానంగా మారింది కాబట్టి ప్రస్తావించవలసి వస్తోంది. ఆ పెంపు లెక్కన మల్టీప్లెక్సులో 150 రూపాయల మామూలు సీటు 350 అయి, జీఎస్టీతో 413 రూపాయలు అవుతుంది. నలుగురున్న కుటుంబానికి మామూలు ధరలో 708 రూపాయలయ్యే చోట 1,652 రూపాయలు అవుతుంది. ఆన్‌లైన్ బుకింగ్ రుసుము, త్రీడీ అయితే కళ్లద్దాల సొమ్ము, విరామంలో పిల్లలు అడిగే పాప్‌కార్న్ ఇందులో చేరలేదు.

ఈ లెక్కలో అంతగా చర్చకు రాని మెలిక ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకు లోపు ఉన్న టికెట్టు మీద జీఎస్టీ అయిదు శాతం, వంద దాటితే పద్దెనిమిది శాతం. ఈ పన్ను వంద దాటిన భాగం మీద కాకుండా మొత్తం టికెట్టు మీద పడుతుంది. కాబట్టి వంద రూపాయల సీటుకు మామూలు రోజుల్లో 105 రూపాయలు ఇచ్చే ప్రేక్షకుడు, ప్రభుత్వం 75 రూపాయల పెంపునకు అనుమతి ఇస్తే 206 రూపాయల 50 పైసలు ఇవ్వవలసి వస్తుంది. ఉత్తర్వులో కనిపించే పెంపు 75 రూపాయలు, జేబులోంచి అదనంగా పోయేది 101 రూపాయల 50 పైసలు. నిర్మాతకు గానీ, థియేటర్‌కు గానీ చేరని ఈ 26 రూపాయల 50 పైసలను మోసేవాడు సింగిల్ స్క్రీన్‌లో కూర్చునే ప్రేక్షకుడే. అందుచేత ఉత్తర్వులో పెంపు అంకెతో పాటు, పన్నుతో కలిసి ప్రేక్షకుడు చెల్లించవలసిన మొత్తాన్ని తరగతివారీగా ముద్రించాలి. కింది తరగతిని పెంపు నుంచి మినహాయిస్తే మరీ మంచిది.

ధర ఎక్కువనిపిస్తే పది రోజులు ఆగవచ్చు కదా అని అధికారులు అనవచ్చు. ఆగడానికి మేము సిద్ధమే, ఎన్నాళ్లు ఆగాలో తెలిస్తే. 2025 సంక్రాంతికి వచ్చిన రెండు పెద్ద చిత్రాలకు పధ్నాలుగు రోజుల పెంపునకు అనుమతి ఇస్తే, హైకోర్టు దానిని పది రోజులకు కుదించింది. కోర్టు నిర్ణయం మాకు మేలు చేసినదే, కానీ పదిహేనో రోజున వెళ్దామని అనుకున్న ఇంట్లో ఆ సంగతి ఎంతమందికి సకాలంలో తెలిసి ఉంటుంది? పైగా సినిమా అన్ని రోజులు ఊళ్లో ఉంటుందన్న భరోసా లేదు. చిన్న పట్టణాల్లో రెండో శుక్రవారం కొత్త బొమ్మ పడితే పాతది ఒక్క ఆటకు జారిపోతుంది, ఆ ఒక్కటీ తరచుగా సెకండ్ షో అవుతుంది. ధర దిగే వేళకు పిల్లలతో వెళ్లగలిగే ఆట ఉండదు. నెలజీతం మీద బతికే ఇళ్లకు ఇంకొక సంగతి కూడా ఉంది. మూడో వారంలో విడుదలైన సినిమాకు ఒకటో తారీఖు దాటాకే వెళ్లాలని అనుకుంటారు, ఆ తేదీకి ధర దిగి ఉంటుందా లేదా అన్నది వారికి చిన్న విషయం కాదు.

పెద్దల సినిమా అయితే ఆగడం అంత కష్టం కాదు. సూపర్‌హీరో సినిమాకు బడి ఉంది. శుక్రవారం చూసివచ్చిన పిల్లవాడు సోమవారం తరగతిలో ఎవరు చనిపోయారో, ఎవరు తిరిగి వచ్చారో, చివరి పేర్లన్నీ పడిపోయిన తరువాత వచ్చే చిన్న సన్నివేశంలో ఎవరు కనిపించారో పూసగుచ్చినట్లు చెప్పేస్తాడు. 2019 ఏప్రిల్ 26న ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ వచ్చినప్పుడు మొదటి వారంలో చూడనివారు చెవులు మూసుకుని తిరిగారు. అలాంటి చిత్రానికి మొదటి మూడు రోజుల్లో వెళ్లాలన్నది పిల్లల మొండితనమని కొట్టిపారేయలేము, కథ కథగా అందాలన్న న్యాయమైన కోరిక అది. పెంపు ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఎప్పుడు అన్నది అలా ఉండగా, ఎలా చూడాలన్నది దానికంటే చిక్కు ప్రశ్న. పరభాషా సూపర్‌హీరో చిత్రం జిల్లా కేంద్రాల్లో చాలావరకు తెలుగు అనువాదంలోనే వస్తుంది. నాకు అందులో ఫిర్యాదు లేదు. 2018లో ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ తెలుగులో ప్రతినాయకుడు థానోస్‌కు నటుడు రానా గొంతు విన్న పిల్లలు ఆ పాత్ర ఇంగ్లిషులో ఎలా మాట్లాడిందో తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. చిక్కు తెరతోనూ, త్రీడీతోనూ వస్తుంది. పాత థియేటర్‌లో దీపం వెలుగు తగ్గిన ప్రొజెక్టర్ మీద త్రీడీ వేస్తే, నల్లటి కళ్లద్దాలలోంచి రాత్రి పోరాటాలు మసకగా తప్ప కనిపించవు. అలాంటి చోట టూడీయే నయం. కానీ టూడీ ఏ ఆటకు ఉందో బుకింగ్ తెరిచేదాకా తెలియదు. పెద్ద తెర కావాలనుకునే నెల్లూరు, తిరుపతి వైపు వారికి సూళ్లూరుపేట దగ్గర జాతీయ రహదారి పక్కనే 2019లో మొదలైన భారీ తెర థియేటర్ ఉంది. చెన్నై నుంచి కూడా జనం అక్కడికి వస్తారు, ఇది మన రాష్ట్రం గర్వించదగిన విషయం. అయితే నెల్లూరు నుంచి అక్కడికి వెళ్లి రావడమంటే పూట పని. మూడు గంటల ఒక్క నిమిషం నిడివి ఉన్న ‘ఎండ్‌గేమ్’ వంటి చిత్రానికి విరామం, ప్రకటనలు కలిపితే మూడున్నర గంటలు, రానూపోనూ ప్రయాణం మరో నాలుగు గంటలు. అంత ఏర్పాటు విడుదలకు రెండు మూడు రోజుల ముందు ఉత్తర్వు చూసి చేసుకునేది కాదు. ధర, ఆటల వేళలు పదిహేను రోజుల ముందు తెలిస్తే ఊళ్లో చూడడమా, కారు మాట్లాడుకుని నలుగురు కలిసి వెళ్లడమా అని లెక్క వేసుకుంటాము.

బెనిఫిట్ షోల గురించి కటువుగా చెప్పక తప్పదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో ‘పుష్ప 2’ ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అది పక్క రాష్ట్రంలో జరిగినా, అదే రాత్రి అదే చిత్రానికి మన రాష్ట్రంలోనూ బెనిఫిట్ షోలు పడ్డాయి. 2025 సెప్టెంబరులో మరో పెద్ద చిత్రానికి అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు వేసే ఆటను వెయ్యి రూపాయల టికెట్టుతో మన ప్రభుత్వమే అనుమతించింది. అభిమానులు తమ డబ్బుతో తాము మేల్కొని చూస్తే నాకు అభ్యంతరం లేదు. ప్రధానంగా పిల్లల కోసం తీసిన చిత్రానికి మాత్రం మొదటి ఆట ఉదయం తొమ్మిదికి ముందు ఉండరాదు. 2023 అక్టోబరులో ‘లియో’ చిత్రానికి తమిళనాడు ప్రభుత్వం తెల్లవారుజాము ఆటలు కాదని ఉదయం తొమ్మిదికే మొదలుపెట్టించింది, దానివల్ల ఆ చిత్రం వసూళ్లు ఏమీ కుంగిపోలేదు.

నిర్మాతల వాదనను తేలికగా తీసుకోవడం లేదు. సూపర్‌హీరో చిత్రంలో గ్రాఫిక్స్ ఖర్చు ఎంత ఉంటుందో, వడ్డీలు ఎలా పెరుగుతాయో, వారంలోపే పైరసీ ఎలా వచ్చిపడుతుందో తెలియనిది కాదు. అయితే మన కళ్ల ముందే జరిగిన ఉదాహరణలు ఉన్నాయి. 2024 జనవరి 12న ఒక అగ్ర కథానాయకుడి చిత్రంతో పాటు అదే రోజు విడుదలైన ‘హను-మాన్’ మొదట్లో తగినన్ని థియేటర్లు దొరక్క ఇబ్బంది పడింది. పెంపు లేకుండా మామూలు ధరలకే ఆడింది. కుటుంబాలు పండుగ అయ్యాక కూడా వస్తూనే ఉండడంతో వారం వారం దానికి థియేటర్లు పెరిగాయి. 2025 సెప్టెంబరు 12న వచ్చిన ‘మిరాయ్’ నిర్మాతలు కూడా పెంపు వద్దనుకున్నారు. పిల్లల సినిమాను పిల్లలు రెండోసారి చూస్తారు, కానీ 413 రూపాయల సీటును ఏ తండ్రీ రెండోసారి కొనడు. ఈ మాట నిర్మాతలకు నాకంటే బాగా తెలుసుననే నా నమ్మకం. తొలి మూడు రోజుల వసూళ్ల పోస్టర్ మీద మోజు దానిని మరిపిస్తోంది. ఎనిమిది వారాలు ఆగితే ఇంట్లోనే చూడవచ్చు. ‘కల్కి’ అలాగే 2024 ఆగస్టు 22న ఓటీటీకి వచ్చింది. మొదటి వారంలో ధరకు జడిసి, రెండో వారంలో వీలైన ఆట దొరక్క వెనక్కు తగ్గిన కుటుంబం ఓటీటీ కోసమే ఆగుతుంది, థియేటర్‌కు రాదు.

కాబట్టి మంత్రివర్యులకు నా విన్నపం ఇది. ధర పెంపు కోరే నిర్మాత విడుదలకు నెల రోజుల ముందే దరఖాస్తు చేసుకోవాలని, ప్రభుత్వం పదిహేను రోజుల ముందు నిర్ణయం ప్రకటించాలని, ఆ గడువు దాటితే ఎంత పెద్ద చిత్రానికైనా 13వ నంబరు జీవో ధరలే వర్తించాలని ఒక నిబంధన తీసుకురండి. హోం శాఖ ఇచ్చే ఉత్తర్వు థియేటర్లకు, జాయింట్ కలెక్టర్లకు చేరడంతో ఆగకుండా, పెంపు ముగిసే తేదీ ప్రతి బుకింగ్ యాప్‌లోనూ టికెట్ కౌంటర్ దగ్గరా తెలుగులో కనిపించేలా ఆదేశించండి. పెంపు ఉన్న రోజుల్లో కూడా శని, ఆదివారాల్లో ఒక మ్యాటినీని ప్రతి థియేటర్‌లో మామూలు ధరకే వేయించండి. ఆ సీట్లలో సగం కౌంటర్ దగ్గరే అమ్మితే స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ల పిల్లలు కూడా మొదటి వారంలోనే చూడగలుగుతారు. త్రీడీ కళ్లద్దాల రుసుము విడిగా ఎంతో, అవి వాపసు తీసుకుంటారో లేదో టికెట్టు మీదే రాయించండి.

‘హను-మాన్’కు కొనసాగింపుగా ‘జై హనుమాన్’ను ఇప్పటికే ప్రకటించారు. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ 2026 డిసెంబరు 18కి ఖరారైంది, అది శుక్రవారం, క్రిస్మస్‌కు సరిగ్గా వారం ముందు. ఇలాంటి చిత్రాలకు అనుమతులు కోరే దరఖాస్తులు తమ కార్యాలయానికి చేరేలోపే ఈ నిబంధన రూపుదిద్దుకుంటే, దానిని ఏ ఒక్క చిత్రాన్నో ఏ ఒక్క నిర్మాతనో ఉద్దేశించి తెచ్చారన్న మాట కూడా ఎవరూ అనలేరు.

ఇట్లు,
భవదీయుడు,
నెల్లూరు నుంచి ఒక ప్రేక్షకుడు, ఇద్దరు బడిపిల్లల తండ్రి