విరిగిన ఎముకకు రక్తమూ అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఎముక విరిగినవారు ఏం తినాలి, ఎంత కాల్షియం తీసుకోవాలి అన్న విషయాలపై మీ ఆరోగ్య పేజీలో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. వాటి ఉపయోగాన్ని కాదనను. అయితే మోకాలి కింది ఎముక విరిగి, తొమ్మిది నెలలైనా అతుక్కోక, రెండోసారి ఆపరేషన్ చేయించుకున్న మనిషిగా ఒక లోటును మీ దృష్టికి తెస్తున్నాను. విరిగిన చోటికి రక్తం సరిగా అందకపోతే ఎంత కాల్షియం మింగినా ఫలితం ఉండదన్న సంగతి ఆ వ్యాసాల్లో నాకు కనిపించలేదు.

ఎముక విరిగినప్పుడు దానితో పాటు దాని లోపలా చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలూ తెగిపోతాయి. అక్కడ రక్తం గడ్డకట్టి, ప్రాణవాయువు తగ్గిపోతే, ఆ కొరతను పసిగట్టిన కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో పక్కనున్న నాళాల నుంచి కొత్త కొమ్మలు మొలిచి, ఎముకను కట్టే కణాలకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ చేరవేస్తాయి. (కణాలు ఈ కొరతను గుర్తించే తీరును వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.) మోకాలి కింది ఎముక దిగువ భాగం, మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక, తొడ ఎముక మెడ (తుంటి దగ్గరి సన్నని భాగం) తేలికగా అతుక్కోకపోవడానికి ఒక ముఖ్య కారణం అక్కడికి రక్తప్రసరణ అంతంతమాత్రంగా ఉండడమే.

నాళాలను మొలిపించే మార్గాలు లేకపోలేదు. ఇలిజరోవ్ పద్ధతిలో ఎముకను కోసి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మెల్లగా ఎడం చేస్తూ పోతే, ఆ ఖాళీలో కొత్త ఎముకతో పాటు రక్తనాళాలూ విస్తారంగా పెరుగుతాయి. ఒంట్లో పేరుకున్న ఇనుమును తొలగించడానికి వాడే డెఫెరోక్సమిన్ అనే మందును విరిగిన చోట ఇచ్చినప్పుడు ఎలుకల్లో నాళాలు పెరిగి ఎముక గట్టిపడిందని పరిశోధనలు చూపాయి. వీఈజీఎఫ్‌ను నేరుగా ఇవ్వడంలో మాత్రం చిక్కులున్నాయి: మోతాదు మించితే పుట్టే నాళాలు బలహీనంగా ఉండి కారుతాయి, పైగా క్యాన్సర్ కణితులు పెరిగేదీ ఇలాంటి నాళాల ఆసరాతోనే. అందువల్ల తొందర కూడదు. కానీ నెలల తరబడి మంచంలో ఉన్నవారి కోసమైనా ఈ ప్రయోగాలు ఎలుకల దగ్గరే ఆగిపోకూడదని నా విన్నపం.

మందుల కోసం ఎదురుచూడనక్కరలేని జాగ్రత్త ఒకటుంది. నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది. పొగతాగేవారి ఎముకలు ఆలస్యంగా అతుక్కుంటాయి, కొందరిలో అసలు అతుక్కోవు. నేను రోజూ పొగతాగేవాణ్ణి. మొదటి ఆపరేషన్ సమయంలో ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండో ఆపరేషన్‌కు ముందు గానీ మానలేదు. ఆహార నియమాలతో పాటు ఈ విషయాన్నీ, మధుమేహం రక్తనాళాలకు చేసే హానినీ ఒక ఎముకల వైద్యుని చేత వివరంగా రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు