వార్త రాశారు సరే, లింకు ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య పేపర్ల జిల్లా పేజీల్లో, పేపరు మధ్యలో పెట్టి వేసే కరపత్రాల్లో, ఒంగోలు కర్నూలు రోడ్డు ఫ్లెక్సీల మీద ఒకే రకం ప్రకటన తెగ కనిపిస్తోంది. ‘మీ వెబ్‌సైట్‌ని గూగుల్ మొదటి పేజీకి తెస్తాం, వెయ్యి బ్యాక్‌లింకులు, మూడు నెలల్లో డీఏ 40 గ్యారంటీ’ అని. బ్యాక్‌లింకు అంటే వేరే సైటు నుంచి మన సైటుకు ఇచ్చే లింకు. ఈ డీఏ ఉద్యోగుల కరువు భత్యం కాదండోయ్, డొమైన్ అథారిటీ, అంటే అట్లా వచ్చిన లింకులను చూసి ఒక ప్రైవేటు కంపెనీ సైటుకు వందకు వేసే మార్కు. దీన్ని నమ్మి మన జిల్లాలో గ్రానైట్ వాళ్లు, హాస్పిటళ్ల వాళ్లు, రొయ్య పిల్లల హేచరీల వాళ్లు, చివరికి ఇంట్లో పచ్చళ్లు పట్టి పార్సిల్ పంపే ఆడవాళ్లు కూడా నెలనెలా డబ్బు కడుతున్నారు. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసిపెట్టడం నా పని కాబట్టి ఆ డబ్బు ఎటు పోతోందో నాకు దగ్గర నుంచి తెలుసు. అది చెబుదామని, దాంతోపాటు మీ వెబ్ వార్తల్లో చిన్న వ్యాపారాలకు లింకు ఇవ్వమని మీ పేపరును అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు లింకుకు అంత గిరాకీ ఎందుకో చెప్పాలి. 1998లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ పెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న కొత్త ఆలోచన ఇదే. ఒక పరిశోధన వ్యాసాన్ని ఎంతమంది పరిశోధకులు ప్రస్తావించారు, వాళ్లు ఎంతటివాళ్లు అని చూసి దాని విలువ కడతారు కదా, వెబ్ పేజీకి కూడా ఎవరెవరు లింకు ఇచ్చారో చూసి అట్లాగే విలువ కట్టొచ్చని. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. చాలా ఏళ్లు ఆ ర్యాంకును సున్నా నుంచి పది దాకా ఒక అంకెగా గూగుల్ టూల్‌బార్‌లో అందరికీ చూపించారు కూడా. అంకె కంటికి కనపడేసరికి దానికి బజారు పుట్టింది, ఆరు ఉన్న సైటులో లింకు ఇంత, ఏడు ఉన్న సైటులో అయితే ఇంత అని రేట్లు కట్టి అమ్ముకున్నారు. 2016లో గూగుల్ ఆ అంకెను బయటికి చూపడం మానేసింది, లోపల లింకులను లెక్కలోకి తీసుకోవడం మాత్రం మానలేదు.

ఇప్పుడు మనవాళ్లు చెప్పుకునే అంకెలన్నీ ప్రైవేటు టూల్ కంపెనీలవి. డొమైన్ అథారిటీ మోజ్ అనే అమెరికా కంపెనీది, డొమైన్ రేటింగ్ ఏహెచ్‌రెఫ్స్ వాళ్లది, అథారిటీ స్కోర్ సెమ్‌రష్ వాళ్లది, ట్రస్ట్ ఫ్లో మెజెస్టిక్ వాళ్లది. ఒక్కో కంపెనీ తన రోబోలను ఇంటర్నెట్ మీదికి వదిలి, అవి పట్టుకొచ్చిన లింకులను తన పద్ధతిలో లెక్కేసి మార్కులు వేస్తుంది. అందుకే ఒకే సైటుకు ఒక టూల్‌లో 12 వస్తే ఇంకోదాంట్లో 25 రావచ్చు, రెండూ తప్పని కాదు, ఎవరి చిట్టా వాళ్లది. పైగా ఇది పరీక్ష మార్కుల మాదిరి సమానంగా పెరిగేది కాదు, 10 నుంచి 20కి ఎక్కడం తేలిక, 70 నుంచి 80కి ఎక్కడం మహా కష్టం. అసలు సంగతి ఏమిటంటే ఈ అంకెల్లో దేన్నీ గూగుల్ వాడదు. గూగుల్‌లో పనిచేసే జాన్ ముల్లర్ ఈ మాట పదేపదే చెప్పారు. టంగుటూరు వేలం కేంద్రంలో రైతు తన పొగాకు బేలు మీద తానే ఫస్ట్ గ్రేడ్ అని రాసుకుంటే కొనేవాడు అది చూసి ధర పెడతాడా?

చీమకుర్తి దగ్గర పాలిషింగ్ యూనిట్ నడిపే ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఆయన అమ్మేది బ్లాక్ గెలాక్సీ గ్రానైట్, బంగారు చుక్కలున్న ఆ నల్ల రాయికి పుట్టిల్లు చీమకుర్తే. ఒక ఏజెన్సీ వాళ్లు నెలనెలా ఆయనకు రిపోర్టు పంపేవాళ్లు, నిండా పచ్చ బాణాలు, డీఏ పెరిగింది, బ్యాక్‌లింకులు పెరిగాయి. “ఏందబ్బాయ్, నెంబరు పెరిగిందని కాగితాలు పంపుతున్నారు, ఫోను మాత్రం మోగదే” అన్నాడు నాతో. టూల్‌లో సైటు పేరు కొట్టి ఆ లింకులు ఎక్కడివో తెరిచి చూస్తే ఏమున్నాయి, క్యాసినో పేజీలు, ఎవరూ చదవని రష్యన్ పేజీల కింద కామెంట్లు, గడువు తీరిపోయిన డొమైన్లు, అంటే ఎవరో వదిలేసిన సైటు పేర్లు కొని నిలబెట్టిన ఉత్తుత్తి బ్లాగులు. అన్నిట్లోనూ లింకు పెట్టిన మాట ఒక్కటే, ‘ఇండియాలో బెస్ట్ గ్రానైట్ సప్లయర్’ అని అచ్చు గుద్దినట్టు. మనుషులు నిజంగా లింకు ఇచ్చినప్పుడు ఒకరు కంపెనీ పేరు రాస్తారు, ఒకరు ‘ఇక్కడ చూడండి’ అంటారు, ఒకరు రాయి పేరు రాస్తారు, ఒకేలా ఉండవు. వేలల్లో చూపించిన బ్యాక్‌లింకులు కూడా కొద్దిపాటి సైట్ల నుంచే, ఒక సైటు అడుగున ప్రతి పేజీలోనూ వచ్చే చోట ఒకసారి పెడితే అది ఎన్ని పేజీలుంటే అన్ని లింకులుగా లెక్కకు వస్తుంది. ఎన్ని లింకులు అని కాదు, ఎన్ని వేరువేరు సైట్లు అని అడగాలి, టూల్స్‌లో దాన్ని రెఫరింగ్ డొమైన్స్ అంటారు.

ఇంతా చేసి ఆయన సైటులో పలక మందం ఎంతెంతలో దొరుకుతుందో లేదు, ఏ పోర్టు నుంచి లోడ్ చేస్తారో లేదు, సొంత బ్లాకుల ఫొటో ఒక్కటి లేదు. విదేశంలో కొనేవాడికి ముందు కావాల్సినవి అవే. ఆ ఏజెన్సీని నిలదీస్తే “డీఏ పెరిగింది కదా సార్, ఒప్పందంలో రాసుకుంది అదే” అన్నారట. నిజమే, రాసుకుంది అదే! డబ్బు కట్టడం ఆపాక ఆ లింకులు చాలావరకు మాయమయ్యాయి, అంకె కూడా దిగింది, వచ్చే ఫోన్లలో తేడా ఏమీ లేదు, ఎందుకంటే తగ్గడానికి ముందు వస్తే కదా.

టూల్స్ వద్దనడం లేదు. నేనూ రోజూ వాడతాను. కానీ మొదట వాడాల్సింది గూగుల్ వాళ్లే ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్. సైటు మీదేనని ఒకసారి రుజువు చేసుకుంటే చాలు, ఎడమ వైపు లింక్స్ అనే చోట మీకు ఎక్కువగా లింకు ఇస్తున్న సైట్లు ఏవి, మీ పేజీల్లో దేనికి ఎక్కువ లింకులు ఉన్నాయి, ఏ మాటలతో ఇచ్చారు అన్నీ కనిపిస్తాయి. పూర్తి జాబితా కాకపోయినా చిన్న వ్యాపారానికి ధారాళంగా సరిపోతుంది. జనం ఏ మాట టైపు చేస్తే మీ సైటు వచ్చింది, ఎంతమంది నొక్కారు అనేది కూడా అందులోనే ఉంటుంది, ఏ డీఏ కన్నా అది విలువైన కాగితం. ఏజెన్సీకి పని ఇచ్చినా సెర్చ్ కన్సోల్ ఓనర్‌షిప్ మాత్రం మీ మెయిల్ మీదే ఉంచుకోండి, దయచేసి. ఏహెచ్‌రెఫ్స్ వాళ్లు కూడా సొంత సైటు ఓనర్లకు లింకుల వివరాలు ఉచితంగానే చూపిస్తారు. అంకెను చూడాల్సింది పోటీవాళ్లతో పోల్చుకోవడానికి, మీ రాయే అమ్మే నలుగురిని పక్కపక్కన పెట్టి, వాళ్లకు ఎవరు లింకు ఇచ్చారు, మనకెందుకు ఇవ్వలేదు అని వెతుక్కోవడానికి. మన రాయి వేసి ఇల్లు కట్టిన ఆర్కిటెక్టు తన పేజీలో ఫొటో పెట్టి ఊరి పేరు రాసి మన పేరు రాయకపోతే, ఒక మెయిల్ పెట్టి మర్యాదగా అడగొచ్చు. టూల్ అసలు ఉపయోగం అక్కడుంది, విరిగిన లింకులు పట్టుకోవడంలో కూడా ఉంది. మనం పేజీ అడ్రసు మార్చేస్తే పాత అడ్రసుకు ఎవరో ఎప్పుడో ఇచ్చిన మంచి లింకు గాల్లో కలిసిపోతుంది, పాత దాన్నుంచి కొత్త దానికి తనంతట తానే మళ్లించే రీడైరెక్ట్ పెడితే అది తిరిగొస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఇంకో బెదిరింపు కూడా నడుస్తోంది, ‘మీ సైటుకు టాక్సిక్ లింకులు ఉన్నాయి, క్లీన్ చేయకపోతే గూగుల్ నుంచి లేచిపోతుంది’ అని. ఆ టాక్సిక్ అనే ముద్ర కూడా టూల్ కంపెనీలు వేసేదే. చెత్త లింకులను గూగుల్ చాలావరకు తనంతట తానే పక్కన పెట్టేస్తుంది. వాటిని మనమే కాదనుకుంటున్నామని చెప్పే డిసావో సౌకర్యం 2012లో వచ్చింది కానీ చాలా సైట్లకు దాని అవసరమే రాదని గూగులే చెబుతోంది. డబ్బిచ్చి కొన్న లింకుల వల్ల గూగుల్ నుంచి నోటీసు వచ్చినప్పుడు దాని జోలికి వెళ్లాలి, ఊరికే టెన్షన్ పడి కాదు.

కొన్న లింకులతో దొరికిపోయినవాళ్ల కథ కావాలంటే 2011 నాటి జేసీపెన్నీ సంగతి ఉంది. అమెరికాలో పెద్ద దుకాణాల సంస్థ, డ్రెస్సులు అన్నా దుప్పట్లు అన్నా గూగుల్‌లో మొదట వాళ్లే వచ్చేవాళ్లు. న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఒకరు ఎస్‌ఈఓ, అంటే సెర్చ్‌లో సైటును పైకి తెచ్చే పని, తెలిసినవాళ్ల సాయంతో కూపీ లాగితే సంబంధం లేని వేల పేజీల్లో డబ్బిచ్చి పెట్టించిన లింకులు బయటపడ్డాయి. గూగుల్ ఆ సంస్థను ఎక్కడో కిందికి తోసేసింది, తమకేమీ తెలియదన్న సంస్థ తన ఎస్‌ఈఓ కంపెనీని తీసేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ లెక్కగట్టే పద్ధతిలో పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చి ఇట్లాంటి సైట్లను గుంపులుగా దించింది. ఆ గుట్టు బయటపెట్టింది ఒక పేపరు అని మీకు గుర్తు చేయడం కోసమే ఇదంతా రాశాను, ఎందుకంటే ఇక నేను అడగబోయేది మీ పేపరు గురించే.

మన ప్రాంతంలో చిన్న వ్యాపారికి దొరకగల అన్నిటికన్నా మంచి లింకు ఏదని నన్నడిగితే మీలాంటి తెలుగు పేపరు వెబ్ ఎడిషన్ నుంచి వచ్చేదే అంటాను. ఎన్నో ఏళ్ల సైటు, రోజూ జనం చదివేది, విలేకరి కళ్లారా చూసి రాసేది. కానీ ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్ల మీద మీరు మంచి కథనం వేస్తారు, వెబ్‌లో కూడా పెడతారు, కొనాలనుకున్నవాడు నొక్కడానికి అందులో ఏమీ ఉండదు. మార్కాపురం పలకల మీద రాసినా అంతే, నెల్లూరు చేపల పులుసు ప్యాక్ చేసి పంపే కుర్రాళ్ల మీద రాసినా అంతే. ఒంగోలు గిత్తల మీద ఎన్ని కథనాలు వచ్చాయో లెక్కలేదు, మన ఎద్దును తీసుకెళ్లి నెలోర్ అని మన పక్క నెల్లూరు పేరే పెట్టుకున్న బ్రెజిల్ వాళ్లకు మాత్రం దాని మీద సంఘాలు, సైట్లు, ఒకదాన్నుంచి ఒకదానికి లింకులు, నెట్‌లో వెతికితే వాళ్లే వస్తారు. ఇక్కడ పెంచుతున్న రైతు ఎక్కడో అడుగున కూడా కనపడడు.

లింకు ఇస్తే పాఠకుడు మన సైటు వదిలి వెళ్లిపోతాడని వెబ్ డెస్కుల్లో ఒక భయం ఉందని విన్నాను. వెళ్తాడు, పని చూసుకుని మళ్లీ వస్తాడు, దారి చూపించిన పేపరును ఎవరూ మరిచిపోరు. ఫ్రీగా పబ్లిసిటీ ఎందుకివ్వాలి అనే ప్రశ్న కూడా ఉంటుంది. ఆ మనిషి పేరు, ఊరు, ఫొటో వేశాక లింకు ఒక్కటే పబ్లిసిటీ ఎట్లా అవుతుందో నాకైతే అర్థం కాదు.

డబ్బు తీసుకుని వేసే కథనాల సంగతి వేరు, వాటికి తప్పకుండా గుర్తు పెట్టాలి. ఈ లింకును లెక్కలో వేయొద్దని గూగుల్‌కు చెప్పడానికి లింకు కోడ్‌లో నోఫాలో అని రాసే పద్ధతి 2005 నుంచి ఉంది, 2019లో డబ్బు లింకుల కోసమే స్పాన్సర్డ్ అనే గుర్తు కూడా గూగుల్ తెచ్చింది. అది పెడితే గూగుల్‌కు నిజం చెప్పినట్టే, పెట్టకుండా అమ్మితే అది గూగుల్ నియమాలకు విరుద్ధం. 2024 నుంచి ఇంకో అడుగు వేసి, పేరున్న సైట్లలో ఏదో మూలన ఉండే పేజీల్లో బయటివాళ్లు డబ్బిచ్చి వేయించుకునే సరుకు మీద కూడా గూగుల్ చర్యలు తీసుకుంటోంది. గెస్ట్ పోస్టులు, అంటే వేరేవాళ్ల సైటులో వేయించుకునే వ్యాసాలు, వాటి రేటు కార్డులు నా మెయిల్‌కు వస్తుంటాయి, వాటిల్లో, డీఏ ఇంత రేటు ఇంత అని, తెలుగు వార్తల సైట్ల పేర్లు కూడా కనిపిస్తుంటాయి. అది యాజమాన్యాలకు తెలిసే జరుగుతోందని నేను అనను, దళారులు ఎవరి పేరైనా రాసుకోగలరు. కానీ మీ సైటులో లోపలి పేజీలను ఒకసారి మీరే టూల్‌లో పెట్టి, అక్కడి నుంచి బయటికి ఎవరెవరికి లింకులు వెళ్తున్నాయో చూసుకోండి. ఊరి వడ్రంగికి లేని లింకు, లోన్ యాప్‌కు ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

మరొకటి, సైటు రూపం మార్చినప్పుడల్లా పాత వార్తల అడ్రసులు చచ్చిపోతున్నాయి. మా కస్టమర్లకు మంచి లింకు అని ఎంతో సంతోషపడ్డ పేజీ కొన్నాళ్లకు తెరిస్తే పేజీ దొరకలేదు అని వస్తుంది. అది ఒక్క మీ పేపరు జబ్బు కాదు, నేను చూసిన తెలుగు సైట్లలో చాలావాటికి ఉంది. పాత అడ్రసుల నుంచి కొత్తవాటికి రీడైరెక్ట్ పెట్టడం మీ టెక్నికల్ వాళ్లకు పెద్ద పని కాదు, దానివల్ల లాభం ముందు మీ పేపరుకే, మీ వార్తలకు ఇన్నేళ్లుగా జనం ఇచ్చిన లింకులు మీకే ఉంటాయి.

ఈ ఉత్తరం నిడివి ఎక్కువైతే కత్తిరించండి, పర్వాలేదు. వెబ్‌లో కూడా వేస్తే మాత్రం సెర్చ్ కన్సోల్ అని నేను రాసిన చోట గూగుల్ వాళ్ల పేజీకి లింకు పెట్టండి. నాకు ఒక వెబ్‌సైట్ ఉంది, దానికి వద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)