పంపు దించొద్దు, ముందు ట్యాంకు చూడు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ రాత్రి 11కి చూశా, అప్పుడే ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు. బండి ఖాళీగా ఉంటే బానే పోతోంది, లోడు వేసి గడ్డ ఎక్కిస్తే లాగలేక లాగలేక ఆగిపోతోంది, పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతోంది, మెకానిక్ ఏమో ఇంజనుకి ఒత్తిడితో డీజిల్ కొట్టే పెద్ద పంపు పోయింది దించాల్సిందే అంటున్నాడు, ఇదే కదా? వద్దు రా. ఇంకో రెండు రోజులు ఎవర్నీ పంపు మీద చెయ్యి వెయ్యనియ్యకు.

పోయినేడు నాకు అచ్చం ఇదే. తిరుపతి నుంచి సిమెంటు వేసుకుని మదనపల్లెకి వస్తుంటే భాకరాపేట ఘాట్ ఎక్కుడులో ఆగిపోయింది, పక్కన నాన్న ఉన్నాడు, చీకటి పడింది, 2022 మార్చిలో బస్సు లోయలో పడింది చూడు, ఆ ఘాటే. మలుపులో లోడు బండి ఆగిపోతే ఎట్టుంటదో నీకు చెప్పక్కర్లేదు. నాన్న రాయి తీసుకుని టైరు కింద పెడుతుంటే నా గుండె నా దగ్గర లేదు. ఆ తర్వాత నెలరోజుల్లో రెండు సార్లు ఫిల్టర్ మార్చాం, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాం, ఆఖరికి పెద్ద పంపు దించి కాలిబ్రేషన్‌కి, అంటే డీజిల్ కొలత సరిచేయించడానికి పంపాం, మొత్తం 18 వేలు అయ్యింది, బండి మళ్ళీ అదే ఘాట్‌లో ఆగింది.

తెలిసింది ఎక్కడంటే పీలేరు దగ్గర టీ కొట్లో. ఒక పెద్దాయన, లారీ నడిపి నడిపి మానేసినాయన, నా గోడు విని ఒకటే మాట అడిగాడు, "ఆగినప్పుడు ఫిల్టర్ మీద చేతి పంపు కొట్టావా నాయనా? నొక్కితే మళ్ళీ పైకి లేస్తోందా?" నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వు చూడు మామా, ఈసారి ఆగినప్పుడు ముందు చేయాల్సింది అదే. నొక్కినాక లేవకుండా అట్టే లోపలికి ఉండిపోతే ట్యాంకు వైపు నుంచి డీజిల్ రావట్లేదని, ఎక్కడో అడ్డం పడిందని. లేస్తూ ఉండి ఎంత కొట్టినా గట్టిపడక మెత్తగా దూదిలా ఉంటే గాలి పట్టిందని. ఆ వెంటనే ట్యాంకు మూత తియ్, బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలో ఉండే చిన్న గాలి రంధ్రం మూసుకుపోయింది, డీజిల్ పోయేకొద్దీ లోపలికి గాలి రాక పంపు పీల్చలేకపోతోంది, దానికి మూత మారిస్తే చాలు.

నాకు బుస్సు రాలేదు, చేతి పంపు మాత్రం లోపలికే ఉండిపోయింది. అప్పుడు డబ్బా టెస్టు చేశాం. 5 లీటర్ల శుభ్రమైన డబ్బాలో వడపోసిన డీజిల్ పోసి, ఇంజను కంటే ఎత్తులో, వేడి తగలని చోట గట్టిగా కట్టి, ఫీడ్ పంపుకి వచ్చే పైపు ట్యాంకు నుంచి తీసేసి డబ్బాలో పెట్టాలి, మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా డబ్బాలోకే పెట్టాలి, లేదంటే డీజిలంతా ట్యాంకులోకి పోయి డబ్బా ఊరికే ఖాళీ అవుతుంది. లైనులో పట్టిన గాలి తీసేసి ఊరి పక్కనే ఉన్న గడ్డ లోడుతో ఎక్కించు, ఘాట్‌కి పోవద్దు. బానే లాగిందా, నీ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ బంగారం లాంటివి, తేడా అంతా వెనక ట్యాంకు వైపే ఉంది. అప్పుడూ ఆగిందా, ముందుకు, పంపు వైపు వెతకాలి. నాది దూసుకుపోయింది రా, ఆ రోజు నాన్న మొహం చూడాల్సింది.

ట్యాంకు దించితే ఏముందనుకున్నావ్, ఆయిల్ డబ్బా మూత కింద ఉండే సీలు కాగితం ముక్క! ఎవరు ఎప్పుడు పడేశారో. గట్టిగా పీల్చినప్పుడు పోయి పైపు మూతికి అతుక్కునేది, ఇంజను ఆగితే జారి పడిపోయేది, అందుకే పది నిమిషాలకి స్టార్ట్ అయ్యేది. మధ్యలో ఒకసారి లైనుకి గాలి కొట్టించినప్పుడు వారం రోజులు బాగుండింది, అప్పుడే అనుమానం రావాల్సింది, గాలి కొడితే బాగయ్యి మళ్ళీ వస్తోందంటే చెత్త ట్యాంకులోనే ఉన్నట్టు.

నీది పొద్దున్నే కూడా సెల్ఫ్ ఎక్కువ తింటోంది అన్నావ్, అది వేరే రోగం అయ్యుండొచ్చు. కారే లీకు కంటికి కనిపిస్తుంది, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైనులో లీకుంటే చుక్క కూడా కారకపోవచ్చు, అది గాలిని పీల్చుకుంటుంది, రాత్రంతా డీజిల్ వెనక్కి దిగిపోతుంది. ఫిల్టర్ తర్వాత ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి చూడు, బుడగలు పోతుంటే పాత రబ్బరు పైపులు, క్లిప్పులు, రాగి వాషర్లు అన్నీ మార్చెయ్, పెద్ద ఖర్చేం కాదు. ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులో పట్టు, నీళ్ళుంటే అడుక్కి దిగి విడిగా కనిపిస్తాయి.

నాజిల్ నట్లు ఒక్కోటి వదులు చేసి మిస్సింగ్ (డీజిల్ సరిగ్గా మండకపోవడం) ఏ సిలిండర్లో ఉందో చూసే పని మాత్రం నువ్వు చెయ్యొద్దు మామా, తెలిసినోడే చెయ్యాలి. మనలాంటి పాత పంపు బళ్ళలో కూడా డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోయేంత ఒత్తిడి ఉంటుంది, పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. ఇంకా ఎక్కువ ఒత్తిడితో పనిచేసే కొత్తరకం కామన్ రైల్ బండైతే అసలు ఎవరూ ఆ నట్టు ముట్టుకోకూడదు.

ఆదివారం డబ్బా టెస్టు పెట్టుకో. నాకు లోడు లేకపోతే పొద్దున ఆరింటికే బస్సెక్కి వస్తా, పారదర్శకం పైపు నా దగ్గరే ఉంది తెస్తా. అంతవరకు రాత్రిపూట లోడుతో ఘాట్ ఎక్కొద్దు. అమ్మకి, చెల్లెమ్మకి అడిగానని చెప్పు.

నీ మామ