ఫోటో కింద కట్టినవారి పేరు కూడా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం అనుబంధంలో టొరంటో గురించి మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. సీఎన్ టవర్ బొమ్మ అర పేజీ వేశారు. 1976లో తెరిచారని, 553 మీటర్ల ఎత్తని వివరాలన్నీ ఇచ్చారు, సంతోషం. ఆ పక్కనే ఉన్న చిన్న ఫోటో కింద మాత్రం "గడియారం ఉన్న పాత భవనం" అని రాసి వదిలేశారు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. అది ఓల్డ్ సిటీ హాల్, అంటే పాత నగరపాలక భవనం. దాన్ని కట్టిన మనిషి తన పేరు కోసం ఎంత పట్టుబట్టాడో తెలిస్తే మీరూ అలా వదిలేసి ఉండేవారు కాదు.

నేను బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం టొరంటోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వేసవిలో ఎండ ఉన్న రోజల్లా స్కెచ్ పుస్తకం పట్టుకుని క్వీన్ స్ట్రీట్, బే స్ట్రీట్ కలిసే చోటికి వెళ్లిపోతాను. ఆ భవనం అక్కడే ఉంది. బే స్ట్రీట్ వెంబడి దక్షిణం నుంచి నడిచి వస్తుంటే వీధి చివర సరిగ్గా ఎదురుగా గడియారపు స్తంభం నిలబడి కనిపిస్తుంది. దాని ఎత్తు 103 మీటర్లు. చుట్టూ ఎన్ని అద్దాల మేడలు లేచినా చూపు దాని మీదికే పోతుంది.

కట్టినాయన ఇ.జె. లెనాక్స్. 1889లో పని మొదలైతే 1899లో గానీ తెరవలేదు. ఖర్చు తడిసి మోపెడై 25 లక్షల డాలర్లు దాటింది. నగర కౌన్సిల్‌వాళ్లకూ ఆయనకూ చెడింది. భవనం మీద తన పేరుతో ఫలకం పెట్టనివ్వమంటే వాళ్లు కుదరదన్నారు. ఆయన ఊరుకోలేదు. పైన చూరు కింద గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి దిమ్మెల మీద, దిమ్మెకో అక్షరం చొప్పున, భవనం చుట్టూతా తన పేరు చెక్కించాడు. పేరు తర్వాత "ఆర్కిటెక్ట్, ఏ.డి. 1898" అని కూడా. కింద నడిచేవాళ్లకు అదంతా నగిషీలాగే ఉంటుంది. నేను ఒక మూల నుంచి మొదలుపెట్టి, తల పైకెత్తుకుని, ఒక్కో అక్షరమే పుస్తకంలోకి ఎక్కించుకుంటూ భవనం చుట్టూ తిరిగాను. పేరు పూర్తయినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

సింహద్వారం దగ్గర స్తంభాల పైభాగాన రాతి ముఖాలున్నాయి. ఉబ్బిన బుగ్గలు, వంకర మూతులు. అవి ఆనాటి కౌన్సిలర్లవని ఇక్కడ చెప్పుకుంటారు. వాటి మధ్య ఒక్క ముఖం మాత్రం నిండుగా, మెలేసిన మీసంతో ఉంటుంది. అది లెనాక్స్ గారిదట.

1960లలో ఆ పక్కన ఈటన్ సెంటర్ అనే పెద్ద షాపింగ్ మాల్ కట్టాలనుకున్నప్పుడు గడియారపు స్తంభాన్ని ఉంచి మిగతాదంతా పడగొడదామనుకున్నారు. ఊరి జనం అడ్డం తిరిగారు కాబట్టి 1967లో ఆ ఆలోచన మానుకున్నారు. లేకపోతే ఆ అక్షరాలన్నీ రాళ్లకుప్పలో కలిసిపోయేవి.

పడమర పక్కన కొత్త సిటీ హాల్ ఉంది. దాని ప్రస్తావన మీ వ్యాసంలో అసలే లేదు. దాని కోసం పోటీ పెడితే ప్రపంచం నలుమూలల నుంచి 500కు పైగా నమూనాలు వచ్చాయి. 1958లో ఫిన్లాండ్‌కు చెందిన ఆర్కిటెక్ట్ విల్యో రెవెల్ గెలిచాడు. రెండు మేడలు: ఒకటి 27 అంతస్తులు, ఒకటి 20 అంతస్తులు, రెండూ వంపు తిరిగిన గోడలే. రెండు అరచేతులు దేన్నో కాపాడుతున్నట్టు మధ్యలో గుండ్రటి సభామందిరం. బయటివైపు కిటికీలు లేని కాంక్రీటు, లోపలివైపంతా అద్దం. 1965లో ప్రారంభించారు. రెవెల్ మాత్రం ఆ ముందు ఏడాదే, 1964లో పోయాడు. ఎదుట మైదానంలో కూర్చుని ఆ వంపు గీసేటప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

సినిమా గురించి రాస్తే కెమెరామన్ పేరు, ఎడిటర్ పేరు కూడా వేస్తారు మీరు. వందేళ్లు దాటి నిలిచిన కట్టడానికి ఆపాటి మర్యాద చేయడానికి ఒక్క వరుస చాలు. ఏ నగరం గురించి వేసినా సరే, భవనం బొమ్మ కింద ఆర్కిటెక్ట్ పేరు వేయమని మీ సిబ్బందికి చెప్పండి. ఆ ఫోటోను మళ్లీ వేసే వీలుంటే దాని కింద ఇలా అచ్చు వేయించండి: ఓల్డ్ సిటీ హాల్, టొరంటో. ఆర్కిటెక్ట్: ఇ.జె. లెనాక్స్. 1899.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, టొరంటో